లదేణి దారిలో జోడేఘాట్ దాకా: వీర్నపల్లి నుంచి ఒక ఆశ్వయుజ ప్రయాణం



ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్ పోయొచ్చినం అని ఫోటోలు పెట్టినప్పటి నుంచి "ఆ మబ్బుల ఘాట్ రోడ్డు ఎక్కడిది, ఎట్ల పోవాలె" అని అడిగేటోళ్లే ఎక్కువైన్రు. దారి చెప్తం. కానీ దారి ఒక్కటే చెప్పి ఊకుంటే సగం ముచ్చటే అయితది, ఎందుకంటే ఆ గుట్టల మీదికి మనోళ్లు పోవుడు ఇది మొదటిసారి కాదు. జర పెద్దగుంటది, ఓపికతోని చదవండి.

మొత్తం పదకొండు మందిమి, ఒక తుఫాన్ బండి. ఎక్కువ మందిమి వీర్నపల్లి చుట్టుపక్కల తండాల పిల్లలమే, ఇద్దరు మాత్రం నాయకపోడు దోస్తులు. తెల్లారకముందే బయలెల్లినం. చుక్కలు కనవడుతున్నయ్, గాలి సల్లగుంది, వాన ఆనవాలే లేదు. అయినా ఒకరి ఇంట్ల యాడి మాత్రం గొంగడి తెచ్చి బండ్ల పడేసింది. "ఇంకా వాన పోలే బేటా" అన్నది. మేము నవ్వినం. నేరడిగొండ కాడికి పోయినంక ఆ గొంగడి కోసం కొట్లాడుకున్నం, అది తర్వాత చెప్తం.

అడివి అంచు పట్టుకొని రుద్రంగి వైపు తిరిగి, కథలాపూర్ మీదుగా కోరుట్ల చేరేసరికి పొద్దు పొడిసింది. కోరుట్ల నుంచి మెట్‌పల్లి, ఆర్మూర్ దాకా అంతా పసుపు చేన్లు, మక్క చేన్లు. రోడ్డు మీద సగం మేర మక్కలు ఆరబోసిన్రు, డ్రైవరన్న తిట్టుకుంటనే తప్పించుకుంట పోయిండు. ఆర్మూర్ కాడ నల్లటి బండల గుట్టలు. మన సిరిసిల్ల దిక్కు గుట్టలు కూడా అట్లాంటివే: రాయి మీద రాయి పేర్చినట్టు, గుండ్రంగ, ఎప్పుడు దొర్లుతయో అన్నట్టు. ఇది యాదిల పెట్టుకోండి, నిర్మల్ దాటినంక గుట్టల రూపమే మారిపోతది.

సోన్ కాడ గోదావరి దాటినం. నీళ్లు నిండుగ, ఎర్రగ ఉన్నయ్. వంతెన మీద బండి ఆపనియ్యలే డ్రైవరన్న. దాటినంక ఆపి చాయ్ తాగినం. అక్కడ్నే మాలో ఒకతను వాళ్ల తాత చెప్పిన మాట చెప్పిండు. తాత ఇంట్ల దూలానికి ఒక పాత గూణి ఏలాడదీసి ఉంటదట, ఎద్దు వీపు మీద రెండు దిక్కులా ఏలాడేసే సంచి. ఎవ్వరినీ ముట్టనియ్యడట. "మన లదేణి గోదావరి దాటి నాగపూర్ దిక్కు పోయేది" అంటడట. మేము ఇంతకాలం ముసలోళ్లు చెప్పే కథ అనుకున్నం. కానీ పుస్తకాలు తిరగేస్తే తాత మాట అబద్ధం కాదని తేలింది.

లదేణి అంటే తెలియని తమ్ముళ్ల కోసం: ఎద్దుల మీద సరుకు ఏసుకొని ఊరూరు తిరిగి అమ్ముడు. ఉప్పు, ధాన్యం, పత్తి. బండ్లు పోని చోటికి, రోడ్డే లేని చోటికి సరుకు చేరేసింది మన గోర్ జనమే. 17వ శతాబ్దంల ఫ్రాన్స్ నుంచి వచ్చిన వ్యాపారి తావెర్నియే ఈ గుంపులను కండ్లార చూసి రాసిండు: పది పన్నెండు వేల ఎద్దులు ఒక్క వరుసల పోతుంటే ఎదురొచ్చినోళ్లు రెండు మూడు దినాలు ఆగి దారి ఇయ్యాల్సొచ్చేదని. ఇంగ్లీషాయన పీటర్ మండీ 1632లో ఉత్తరాదిన ఒక తండాను చూసిండు, అందుల 14,000 ఎద్దులు. తండా అనే మాటనే వాడిండు ఆయన. అప్పుడు తండా అంటే ఊరు కాదు, నడిచే గుంపు. ఇయ్యాల మనం తండా అంటే ఇండ్లు, వాటర్ ట్యాంకు, బడి అనుకుంటం. నడక ఆగిపోయినంక ఆ మాట ఊరి పేరయింది.

షాజహాన్ కాలంల, 1630 ప్రాంతాన, ఆసఫ్ ఖాన్ ఫౌజు దక్కన్ మీదికి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే నాయకులు లక్షా ఎనభై వేల ఎద్దులతోని ధాన్యం మోసుకొచ్చిన్రని మన పెద్దలు చెప్పుకునే కథ ఉంది. ఫౌజుకు సరుకు ఆలస్యం కావద్దని వాళ్లకు రాగిరేకు మీద బంగారు అక్షరాలతోని ఫర్మానా రాసిచ్చిన్రట: దారిల ఏ ఇంటి కుండల నీళ్లయినా, ఏ కప్పు మీది గడ్డయినా తీసుకోవచ్చని. అంకె సంగతి అట్లుంచండి. ఈ కథను 1882లో రాసిపెట్టిన ఇంగ్లీషు అధికారి కంబర్‌లెజ్ పనిచేసింది వణీ జిల్లాల, ఇప్పటి యవత్మాల్. అంటే ఆదిలాబాద్ పక్కన పెన్‌గంగ దాటితే వచ్చే నేలనే. మేము పోతున్న ఈ దారి చివర్ననే మన కథ కాగితం మీదికెక్కింది.

ఇంకొక సంగతి. రైలు రాకముందు బేరార్ పత్తి సముద్రం దిక్కు, కోస్తా నేతగాండ్ల కాడికి పోయేది ఎద్దుల వీపు మీదనే. తిరుగు ప్రయాణంల ఉప్పు. అట్ల ఎగువకు ఉప్పు, దిగువకు పత్తి. నాగపూర్, హైదరాబాద్ నడుమ పాత దారి ఈ నిర్మల్ గుట్టలు ఎక్కి దిగాల్సిందే. ఇగ తాత గూణి ఎన్నిసార్లు ఈ గుట్ట ఎక్కిందో మనకెందుకు లెక్క, ఎక్కింది అన్నది చాలు.

నిర్మల్ల మేము ముందుగ రాంజీ గోండును తలుచుకున్నం. 1857 తర్వాత రోహిల్లాలను కలుపుకొని ఇంగ్లీషోళ్ల మీద, నిజాం మీద కొట్లాడిన గోండు వీరుడు. 1860లో పట్టుకొని ఇక్కడి మర్రిచెట్టుకు ఉరి తీసిన్రు, ఆయనతోని పాటు వెయ్యి మందిని తీసిన్రని జనం చెప్పుకుంటరు, అందుకే వెయ్యి ఉరుల మర్రి అని పేరు. ఆ చెట్టు ఇప్పుడు లేదు. చిన్న క్లాసుల్ల మనం 1857 అంటే ఝాన్సీ, ఢిల్లీ చదువుకున్నం, మూడు గంటల దూరంల ఉన్న నిర్మల్ చదువుకోలే. ఆయన అన్ని రోజులు నిలబడ్డది ఈ గుట్టల అండతోనే అని ఘాట్ ఎక్కుతుంటే అర్థమయింది. ఒక్కొక్క మలుపు కాడ పదిమంది కూసుంటే కింద నుంచి వచ్చే పటాలానికి పై మనిషి కనపడడు.

నిర్మల్ దాటినంక కొత్త నాలుగు లైన్ల హైవే ఉంది, తొందరగ పోవచ్చు. మేము కావాలని మహబూబ్ ఘాట్ పాత రోడ్డు పట్టుకున్నం. ఫోటోలన్నీ అక్కడివే. వాన మనకంటే ముందే వచ్చి గుట్ట మీద కూసుంది. కింద ఎండ, నడుమ తుంపర, పైన మబ్బు. మబ్బు అంటే ఆకాశంల మబ్బు కాదు, రోడ్డు మీద మబ్బు, బండి అద్దం ముందర తెల్లటి దుప్పటి పట్టినట్టు. టేకు చెట్లు పూత అయిపోయి కాయ పట్టినయ్, ఆకులు ఇంకా పచ్చగనే ఉన్నయ్ గాని అంచులు మాడుతున్నయ్. ఐదు నిమిషాలకు మబ్బు చీలి కింద లోయ మొత్తం ఎండల మెరిసింది. మళ్లీ మూసుకుంది. బండి ఆపి అందరం దిగినం. ఒక పక్క కోతులు, ఒక పక్క మా సెల్ఫీలు.

పైకి ఎక్కినంక చూడండి, గుట్టలు మనయి లెక్క గుండ్ల గుట్టలు కావు. పైన బల్ల పరిచినట్టు చదును, పక్కలకు మెట్లు మెట్లు. కోట్ల ఏండ్ల కింద లావా పారి పొరలు పొరలుగ గట్టిపడ్డ నల్లరాయి అది. మహారాష్ట్ర దాకా అదే. ఆ రాయి అరిగితే వచ్చేదే నల్లరేగడి. ఎండకు నెర్రెలు బారి రాయి లెక్క, వానకు జిగట ముద్ద.

ఇక్కడే యాడి గొంగడి పని పడ్డది. నేరడిగొండ దాటుతుంటే వాన దంచింది. తుఫాన్ బండి అద్దం ఒకటి పైకి రాలే, ఆ సీటు కాడ కూసున్నోళ్లు తడిసి ముద్దయిన్రు. కుంటాల జలపాతం పోదామనుకున్నది అట్లనే ఆగిపోయింది. రోడ్డు పక్క చేన్లల్ల పత్తి అప్పుడప్పుడే పలుగుతుంది, తెల్లటి దూది వానకు నాని వాడిపోయి ఏలాడుతుంది. ఒక రైతు గట్టు మీద నిలబడి ఊకనే చూస్తున్నడు. మాకు మబ్బులు అందంగ కనవడ్డ ఆ వాననే ఆయన క్వింటాకు ఎంత కోసిందో. మా ఇండ్లల్ల కూడా పత్తే కదా, ఆ పొద్దు వీర్నపల్లిల పడుతుందా అని ఇంటికి ఫోన్ చేసినోళ్లు నలుగురు.

ఈ ఆశ్వయుజ వాన గురించే చరిత్రల ఒక ముఖ్యమైన సంగతి ఉంది. వానకాలం నాలుగు నెలలు లదేణి నడిచేది కాదు. నల్లరేగడిల ఎద్దు కాలు దిగబడితే లేవదు, వాగులు దాటరావు, డెక్కలు చెడిపోతయ్. అందుకని తండా మంచి గడ్డి, నీళ్లున్న ఎత్తు జాగా చూసుకొని దిగేది. ఎద్దులు మేసి బలిసేయి. దసరా నుంచి మళ్లీ కదలిక. ఇగ లెక్క వేసుకోండి: ముందుగాల బయలెల్లితే ఎనుక వాన పట్టుకుంటది, సంచిల ఉన్నది ఉప్పు, తడిస్తే కరిగి నేలపాలు. ఆలస్యం చేస్తే ముందు పోయిన తండా అమ్ముకొని పోతది, దారిల గడ్డి ఎండుతది. నాయక్ అన్నోడు ఆకాశం చూసి రోజు ఖాయం చేయాలె. తండా మొత్తం బతుకు ఆ ఒక్క మాట మీద. సేవాలాల్ మహారాజ్ కూడా లదేణి చేసిన మనిషేనని మనకు తెలుసు. మబ్బు చూసి రోజు చెప్పుడు వాళ్లకు విద్య. మేము మొబైల్ల వాతావరణం చూసి "వర్షం లేదు" అనుకొని బయలెల్లినం. గొంగడి ఇచ్చిన యాడికి ఆ విద్య ఇంకా కొంత మిగిలి ఉంది.

మరి లదేణి ఎందుకు ఆగింది? రోడ్డు, రైలు. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. బేరార్ పత్తి ఎద్దు దిగి రైలెక్కింది, బొంబాయి మిల్లులకు, అక్కడి నుంచి సీమకు పోయింది. ఉప్పు కూడా రైల్లనే రాసాగింది. ఇంకొక నాలుగేండ్లకు, 1871లో, ఇంగ్లీషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చిన్రు. మొదలు ఉత్తరాదిన, తర్వాత ఒక్కొక్క ప్రాంతానికి పాకింది, చాలా చోట్ల మన తెగ పేరు కూడా ఆ జాబితాలకెక్కింది. నిన్నటిదాకా ఫౌజులకు తిండి మోసినోళ్లు (1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ కూడా మనోళ్ల ఎద్దుల మీదనే ఆధారపడ్డడు) ఒక్క తరంల దొంగల పట్టీల పడ్డరు. దేశం మొత్తంల ఆ చట్టం పోయింది 1952లో. పని పోయినోనికి పేరు కూడా పోవుడంటే ఇదే. మన తండాలు ఎప్పుడు చూసినా అడివి అంచుకే ఎందుకున్నయ్ అని అడిగే దోస్తులకు సమాధానం ఇందులనే ఉంది: మోపు పోయింది, ఎద్దులు మిగిలినయ్. ఎద్దులకు గడ్డి కావాలె, గడ్డి అడివి అంచున ఉంది.

ఇంద్రవెల్లి చేరేసరికి ఎండ పెళపెళ కాస్తుంది, బట్టలు ఒంటి మీదనే ఆరినయ్. స్తూపం కాడ దిగినం. 1981 ఏప్రిల్ 20న గిరిజన రైతు కూలీ సంఘం మీటింగుకు వచ్చిన ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది, జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. స్తూపాన్ని 1986లో పేల్చేసిన్రు, తర్వాత మళ్లీ కట్టిన్రు. మన దిక్కుకు దీనికి సంబంధం ఉంది. 1978 సెప్టెంబర్ల జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబర్ల సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించుడు, ఆ వేడిల సంఘాలు గోదావరి దాటి ఉత్తరానికి పోవుడు, ఇవన్నీ ఒకే తాడు పోగులు. మేము పొద్దున దాటొచ్చిన దారినే అప్పుడు సంఘం కూడా పోయింది.

ఇక్కడి నుంచి ఉట్నూరు, జైనూరు. ఇప్పుడు చెప్పబోయేది కొందరికి నచ్చకపోవచ్చు. బండ్ల ఉన్నప్పుడు మాలో మాకే దీని మీద వాదన అయింది.

ఉట్నూరుల హోటల్ కాడ తినేటప్పుడు ఒకతను మెల్లగ అన్నడు: "ఎక్కడి నుంచి అంటే సిరిసిల్ల అని చెప్పండి, లంబాడోళ్లం అని చెప్పకండి." ఎందుకంటే 2017 చివర్ల ఇక్కడ ఆదివాసీలకు, లంబాడాలకు నడుమ గొడవలు ముదిరి పోలీసు బలగాలు దిగినయ్. లంబాడాలను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని వాళ్ల డిమాండు. తెలంగాణల మనకు ఎస్టీ హోదా వచ్చింది 1976 చట్టంతోని. పక్కన మహారాష్ట్రల మనోళ్లు ఎస్టీ కాదు. దాంతోని అక్కడి నుంచి ఇటు వచ్చి స్థిరపడ్డోళ్లు ఉన్నరని, తమ భూములు, సీట్లు, ఉద్యోగాలు పోయినయని గోండుల, కొలాముల బాధ. ఆ మాట విన్నప్పుడల్లా మనం కోపానికొస్తం. మన పేదరికం మనకు కనవడుతది కాబట్టి.

కానీ జైనూరు కాడ మార్లవాయి పోయినం. కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం సర్కారు ఆదివాసీల సంగతి చూడమని పంపిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఉన్న ఊరు అది. 1943ల గోండు బడి మొదలైంది అక్కడ్నే. ఆయన భార్య బెట్టీ 1987ల హైదరాబాద్‌ల చనిపోతే తెచ్చి ఈ ఊళ్లెనే సమాధి చేసిన్రు. తర్వాత ఎన్నో ఏండ్లకు ఆయన అస్థికలు కూడా పక్కన్నే చేరినయ్. గుస్సాడీ నేర్పి 2021ల పద్మశ్రీ అందుకున్న కనకరాజు కూడా ఈ ఊరాయనే, 2024 అక్టోబర్ల కాలం చేసిండు. సమాధుల కాడ నిలబడ్డప్పుడు సన్నగ తుంపర. అక్కడ మాలో చదువుకున్నాయన హైమెండార్ఫ్ 1982ల తెచ్చిన పుస్తకం సంగతి ఎత్తిండు. రోడ్లు పడ్డకొద్దీ బయటి జనం గుట్టల మీదికి వచ్చి గోండుల భూములు పోయినయని అందుల ఉంది. ఆ బయటి జనంల బంజారాలు కూడా ఉన్నరని ఉంది.

అందరం కొంచెంసేపు మాట్లాడలే. మాలో కొందరు "ఆయన మనల్ని అర్థం చేసుకోలే" అన్నరు. కావచ్చు. కానీ మా లెక్క వేరే. రైలు, రోడ్డు వచ్చి మన మోపు పోగొట్టినయ్. అదే రోడ్డు వచ్చి గోండుల భూమి పోగొట్టింది. మోపు పోయిన మనోళ్లు బతుకుదెరువు కోసం ఎక్కిన గుట్ట అప్పటికే ఒకరి ఇల్లు. కొన్న భూమి ఉండొచ్చు, కౌలు భూమి ఉండొచ్చు, అడివి కొట్టి చేసిన పోడు ఉండొచ్చు, ఇంకొకరి పట్టా మీద దున్నింది కూడా ఉండొచ్చు. మన లదేణి గొప్ప చెప్పుకునేటప్పుడు ఈ రెండో ముక్క దాచిపెడితే అది చరిత్ర కాదు, పొగడ్త. అట్లని మన ఎస్టీ హోదా తీసేయాలన్న మాటకు మేము ఒప్పుకోం, ఆ సంగతి కూడా సాఫ్‌గనే చెప్తున్నం. కానీ అవతలోని బాధ అబద్ధమని అనం.

జైనూరు దాటి కెరమెరి మండలంలకు వచ్చేసరికి మళ్లీ ఘాట్లు, ఈసారి ఉరుములు. ఇక్కడ వాన కంటే వాన ముందటి చీకటి భయపెట్టింది. మిట్ట మధ్యాహ్నం లైట్లేసుకొని నడిపిండు డ్రైవరన్న. ఒక మలుపు కాడ రాళ్లు జారి రోడ్డు మీద పడ్డయ్, దిగి మేమే పక్కకు దొర్లించినం. పది నిమిషాల్ల అంతా తెరిపిచ్చింది. చెట్ల నుంచి ఆవిర్లు లేస్తున్నయ్, దూరంగ ఏదో గూడెంల డప్పు. దండారీ దినాలు దగ్గర పడ్డయ్. దీపావళికి గోండులు నెమలి ఈకల టోపీలు పెట్టుకొని ఊరూరు తిరుగుతరు. మన ఆడపిల్లలు కూడా దవాళీకి దీపం పట్టుకొని ఇంటింటికి పోయి మేరా అంటరు. వాన తేలిపోయిన నెలల ఇద్దరం ఇండ్ల మీదికి పోయేటోళ్లమే.

హట్టి నుంచి లోపలికి తిరిగితే జోడేఘాట్. భీం కథ అందరికీ తెలిసిందే, మళ్లీ రాయం. పన్నెండు ఊర్ల కోసం నిలబడ్డడు, 1940ల ఈ గుట్ట మీదనే నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిండు, అందుకే ప్రతి ఏడు ఆశ్వయుజ పౌర్ణమికి వర్ధంతి. ఇంగ్లీషు తారీకుకు కాదు, నెల నిండిన రోజుకు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలె. మన వీర్నపల్లి మండలం అయింది 2016 అక్టోబర్ 11న, కొత్త జిల్లాలు వచ్చిన దసరా నాడు. కుమ్రం భీం పేరు మీద ఆసిఫాబాద్ జిల్లా అయింది కూడా అదే రోజు. ఆ యాడాదే జోడేఘాట్ల మ్యూజియం తెరిచిన్రు. ఒకే పొద్దున పుట్టిన రెండు పేర్లు, ఒకదాన్ని చూడనీకె ఇంకొకటి ఇన్నేండ్లకు పోయింది.

జనం మస్తున్నరు. దర్శనం అయినంక ఒక గోండు పెద్దాయన పక్కన కూసున్నం. తెల్ల తలపాగా, చేతిల కర్ర. ఎక్కడోళ్లు అని అడిగిండు. మాలో అందరికంటే చిన్నోడు, హోటల్ కాడి హెచ్చరిక మర్చిపోయి, "వీర్నపల్లి తండా, లంబాడోళ్లం దాదా" అన్నడు. మా గుండె ఆగినంత పనయింది. పెద్దాయన వాని దిక్కు కొంచెంసేపు చూసిండు. నవ్వలే, కోపానికి రాలే. "మా నాయిన మీ ఎద్దుల కాడనే ఉప్పు కొనేటోడు" అన్నడు. తర్వాత ఇంకొంచెం ఆగి, "మా చేను కూడా మీ ఒకాయన కాడనే ఉంది" అన్నడు. అంతే. ఏం చెప్పాలో మాకు తెల్వలే. లేచేటప్పుడు రామ్ రామ్ అన్నం, ఆయన కూడా రామ్ రామ్ అన్నడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆకాశం కడిగినట్టుంది. గుట్టల మీద పౌర్ణమి ఎన్నెల. ఘాట్ల మీద ఎక్కడా ఆగలే, హైవేనే పట్టుకున్నం. సోన్ వంతెన మీద ఎన్నెల్ల గోదావరి చూస్తుంటే అందరూ నిద్రల ఉన్నరు, డ్రైవరన్న, మేమిద్దరం తప్ప.

దారి అడిగినోళ్లకు: కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్, సోన్, నిర్మల్, మహబూబ్ ఘాట్, నేరడిగొండ, గుడిహత్నూర్, ఇంద్రవెల్లి, ఉట్నూరు, జైనూరు, హట్టి. పొద్దున నాలుగింటికల్లా బయలెల్లాలె. ఒక గొంగడి కాదు, రెండు పెట్టుకోండి. ఇంకొక పని ఉంది. దవాళీకి తండాకు పోయినప్పుడు దూలాల మీద, అటకల మీద పాత గూణి గాని, ఎద్దుల గంటలు గాని ఉన్నయేమో చూడండి. ఉంటే ఆ ఇంటి ముసలోళ్లను ఏ దారిన పోయేటోళ్లు, ఏడ దిగేటోళ్లు, ఏ ఊర్ల ఉప్పు అమ్మేటోళ్లు అని అడిగి ఊర్ల పేర్లు రాసుకొని రండి. గోండు గూడేల పేర్లు వస్తే అవి ముందుగాల రాయండి.